టైపు మిషన్ ముందు కూర్చున్నవాళ్లే పత్రిక పెట్టారు

"1960, 70ల నాటి ప్రత్యామ్నాయ పత్రికల్లో ఆడ జర్నలిస్టులు ఎలా పైకొచ్చారు? అలాంటి చోట పనిచేస్తే కెరీర్ అంటూ ఉంటుందా?" అని కదా మీ ప్రశ్న. నేను 1990ల మొదట్లో హైదరాబాద్‌లో ఒక చిన్న అభ్యుదయ మాసపత్రికలో నాలుగేళ్లు పనిచేశాను. దాని పేరు చెప్పను. చాలా ఏళ్లకు, 2016లో మోకాలి ఆపరేషన్ అయి రెండు నెలలు మంచం మీద ఉన్నప్పుడు, లండన్ నుంచి వెలువడిన 'స్పేర్ రిబ్' అనే స్త్రీవాద పత్రిక పాత సంచికలు ల్యాప్‌టాప్‌లో వరసపెట్టి చదివాను. ఆ రెండూ కలిపి చెప్తాను.

ముందే అనేస్తున్నా, ఆ పత్రికల్లో పైకొచ్చిన ఆడవాళ్లు తక్కువ. బయటికొచ్చినవాళ్లే ఎక్కువ.

మార్షా రో సంగతి చూడండి. ఆవిడది ఆస్ట్రేలియా. సిడ్నీలో 'ఓజ్' అనే వ్యంగ్య పత్రిక ఆఫీసులో సెక్రటరీగా చేరారు. ఆ బృందమే లండన్ వెళ్లి 1967లో అక్కడా 'ఓజ్' పెట్టింది. పొడుగు జుట్టు, రాక్ సంగీతం, వియత్నాం యుద్ధం మీద కోపం, రంగు మీద రంగు కొట్టి కళ్లు నొప్పెట్టేలా వేసిన పేజీలు. మార్షా కూడా లండన్ చేరి మళ్లీ 'ఓజ్'లోనే, తర్వాత 'ఇంక్' అనే ఇంకో పత్రికలో పనిచేశారు. 1971లో 'ఓజ్' మీద అశ్లీలం కేసు నడిచింది. బోనెక్కిన ముగ్గురు సంపాదకులూ మగవాళ్లే కాబట్టి పేపర్లలో ఫోటోలన్నీ వాళ్లవే. డిఫెన్స్ వైపు వెనక ఉండి పనిచేసినవాళ్లలో మార్షా ఒకరు.

వ్యవస్థ మొత్తాన్ని కూల్చేస్తామని రాసినవాళ్లకి కూడా టైపు కొట్టడానికి, టీ పెట్టడానికి మాత్రం ఆడవాళ్లే కావాల్సొచ్చింది. స్వేచ్ఛ పేరుతో వేసిన బట్టల్లేని బొమ్మలు కూడా ఆడవాళ్లవే. ఇదేదో లండన్‌కే పట్టిన జబ్బు కాదు. న్యూయార్క్‌లో 'ర్యాట్' అనే పత్రికను 1970లో ఆడవాళ్లు ఏకంగా తమ చేతుల్లోకి తీసేసుకున్నారు.

లండన్‌లో అంత గొడవ జరగలేదు. 1971 డిసెంబర్‌లో అండర్‌గ్రౌండ్ పత్రికల్లో (అంటే 'ఓజ్' లాంటి ప్రత్యామ్నాయ పత్రికలు) పనిచేసే ఆడవాళ్లని మాట్లాడుకుందాం రమ్మని పిలిచారు, అంతే. వచ్చినవాళ్ల అనుభవాలు ఒకదానికొకటి జిరాక్స్ కాపీల్లా ఉన్నాయి. ఆ మీటింగుల్లోంచే సొంత పత్రిక ఆలోచన పుట్టింది. 'ఫ్రెండ్జ్' అనే ఇంకో అలాంటి పత్రిక నుంచి వచ్చిన రోజీ బాయ్‌కాట్‌కి అప్పటికి ఇరవై ఏళ్లు. మార్షా, ఆ అమ్మాయి కలిసి రెండు వేల పౌండ్లో ఎంతో పోగేసి 1972 వేసవిలో 'స్పేర్ రిబ్' మొదటి సంచిక తెచ్చారు. అట్ట మీద హాయిగా నవ్వుతున్న ఇద్దరు ఆడవాళ్లు. వేసిన ఇరవై వేల కాపీలూ అమ్ముడుపోయాయి. రిబ్ అంటే పక్కటెముక. ఆదాము పక్కటెముకలోంచి హవ్వ పుట్టిందన్న బైబిలు కథ మీద ఎకసెక్కం ఆ పేరు. తమాషాగా అనుకున్న పేరే ఖాయమైపోయిందట.

ఇదంతా చదువుతుంటే నాకు చిక్కడపల్లిలో మేడమీది మా ఒంటిగది ఆఫీసు గుర్తొచ్చింది. నేను సబ్ ఎడిటర్‌ని, కాగితం మీద. డీటీపీ నుంచి వచ్చిన ప్రూఫులు దిద్దాలి. ఒత్తు తప్పిన చోట కొత్త అక్షరాన్ని ఇంకో ప్రింటవుట్‌లోంచి బ్లేడుతో కోసి, ఊపిరి బిగబట్టి దానిమీద అతికించాలి. ఫ్యాను వేస్తే ఒత్తు ఎగిరిపోతుంది, వెయ్యకపోతే చెమట చుక్క పేజీ మీద పడుతుంది. ఆ పని అయ్యాక చందాదారుల రాపర్లకి మైదా జిగురు పూయాలి, బకాయిపడ్డ ఏజెంట్లకి కార్డులు రాయాలి. సార్లు స్త్రీ విముక్తి మీద చర్చిస్తుంటే నేను టీలు ఎన్ని చెప్పాలా అని తలలు లెక్కపెట్టేదాన్ని.

1992లో నెల్లూరు జిల్లాలో సారా వ్యతిరేక ఉద్యమం ఎగసినప్పుడు సొంత ఛార్జీలు పెట్టుకుని దూబగుంట వైపు వెళ్లాను. ఐదు రోజులు ఆడవాళ్ల మధ్యే తిరిగి, వాళ్ల ఇళ్లలోనే తిని, పన్నెండు పేజీలు రాసుకొచ్చాను. అచ్చులో 'మా ప్రతినిధి' అని పడింది. అడిగితే, "ఉద్యమంలో పేర్లు ముఖ్యం కాదమ్మా" అన్నారు. అదే సంచికలో సంపాదకీయం కింద సారు పేరు ఉంది, ఫోటోతో సహా.

ఏడ్చాను, నిజమే. కానీ రెండేళ్ల తర్వాత మేం ఐదుగురం ఆడవాళ్లం ఎనిమిది పేజీల చిన్న పత్రిక వేద్దామని కూర్చున్నప్పుడు నాకొక సంగతి తెలిసొచ్చింది. రీము కాగితం ఎంత, ప్లేటు ఖర్చెంత, పోస్టల్ రాయితీకి ఎక్కడ దరఖాస్తు పెట్టాలి, ఏ ఏజెంటు డబ్బు ఎగ్గొడతాడు, ఇవన్నీ నాకు నోటికొచ్చు. సంపాదకీయాలు రాసే సారుకి వీటిలో ఒక్కటీ తెలీదు. మార్షా, రోజీలకి కూడా పాత ఆఫీసుల చాకిరీ అలాగే పనికొచ్చిందని నా నమ్మకం. డబ్ల్యూ.హెచ్. స్మిత్ లాంటి పెద్ద దుకాణాల గొలుసు మీ పత్రిక పెట్టుకోం పొమ్మన్నా తట్టుకుని నిలబడ్డారంటే, పత్రిక పాఠకుడి చేతికి ఏ దారిలో వెళ్తుందో తెలిసుండాలి కదా.

ఇక కెరీర్. రోజీ త్వరగానే వెళ్లిపోయి, తర్వాత 'ఇండిపెండెంట్', 'డైలీ ఎక్స్‌ప్రెస్' లాంటి పెద్ద పేపర్లకే ఎడిటర్ అయ్యారు, ఇప్పుడు బ్రిటన్ పార్లమెంటు ఎగువసభ హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో ఉన్నారు. మార్షా ఇంకొన్నేళ్లు అక్కడే ఉన్నారు. అప్పటికి ఎడిటర్ కుర్చీ తీసేసి, అందరూ కలిసి నిర్ణయించే పద్ధతి పెట్టుకున్నారు. (ఆ పద్ధతిలో ఒక హెడ్డింగ్ తేలడానికి ఎంతసేపు పడుతుందో మా ఐదుగురిని అడగండి.) 'స్పేర్ రిబ్' 1993లో మూతపడింది. ఇక్కడ హైదరాబాద్‌లో స్త్రీవాద పత్రిక 'భూమిక' మొదలైందీ ఆ ఏడాదే.

మీరు చదవాలనుకుంటే ఒక చిక్కుంది. బ్రిటిష్ లైబ్రరీ 2015లో సంచికలన్నీ నెట్‌లో పెట్టింది, నేను చదివింది అక్కడే. బ్రెగ్జిట్ తర్వాత కాపీరైట్ నిబంధన మారి వాటిని తీసేయాల్సొచ్చింది.

మా ఎనిమిది పేజీల పత్రిక మూడేళ్లు నడిచింది. జీతం మాట ఎవరం ఎత్తలేదు, ఎత్తడానికి ఏమీ లేదు కూడా. ఆ మూడేళ్లూ నేను పొద్దున పూట ఒక ట్యూషన్ సెంటర్లో తెలుగు చెప్పాను. మీరు ఇందులోకి దిగేట్టయితే అలాంటి ఆధారం ఒకటి ముందే చూసుకోండి. చేరే ముందు మాత్రం, వ్యాసం మీద పేరు ఎవరిది వేస్తారో అడగండి.