ఆగి ఆగి నడిచే ఆయిల్ ఇంజనులో తప్పు నిజంగా పంపుదేనా?

ఐదు హెచ్‌పీ ఆయిల్ ఇంజను చక్కగా స్టార్టయి ఇరవై నిమిషాలకు ఆగిపోతోందని, కాసేపు వదిలేస్తే మళ్లీ నడుస్తోందని, డీజిల్‌ను ఇంజనులోకి నెట్టే డీజిల్ పంపు పోయిందని మెకానిక్ అంటున్నాడని, అది నిజమో కాదో తెలుసుకోవడం ఎలాగని మీరు అడిగారు. పంపు విప్పడానికి అప్పుడే ఒప్పుకోకండి. ముందు ట్యాంకు మూత వదులుగా పెట్టి, ఇంజనును ఒక గంట నడిపి చూడండి. ఇంత ధీమాగా ఎలా చెబుతున్నానంటే, ఈ సంగతి నేర్చుకోవడానికి నాకు 1,850 రూపాయలూ మూడు రాత్రుల నిద్రా ఖర్చయ్యాయి.

మాది దివిసీమలో కాలువ శివారు పొలం. 2018 అక్టోబరులో వరి పొట్ట మీద ఉండగా కాలువ నీరు మా దాకా రాకపోవడంతో, మురుగు కాలువ గట్టు మీద ఇంజను దించి, నీలం పైపు పరచి నీరు తోడుకోవడం మొదలుపెట్టాము. ఇంజను ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు బాగానే నడిచేది. ఆ తరువాత శబ్దం సన్నబడి, పైపు చివర నీటి ధార వంగిపోయి, పొగ కూడా తగ్గి, దీపం కొండెక్కినట్టు నెమ్మదిగా ఆగేది. ఆగిన ప్రతిసారీ మా తమ్ముడు చేసే మొదటి పని ట్యాంకు మూత తీసి డీజిల్ ఉందో లేదో చూడడం. డీజిల్ ఉండేది. మూత బిగించి, బ్లీడింగ్ స్క్రూ వదులు చేసి గాలి తీసి, హ్యాండిల్ తిప్పితే ఇంజను అందుకునేది, మళ్లీ ఇరవై నిమిషాలు నడిచేది. వేడెక్కి ఆగుతోందని, విశ్రాంతి ఇస్తే కోలుకుంటోందని మేమంతా తీర్మానించుకున్నాము.

వేడి మీద ఆగుతోందని మేము చెప్పగానే, పంపు లోపలి ఎలిమెంటు, అంటే బ్యారెల్ అనే గొట్టమూ అందులో ఆడే ప్లంజరు అనే కడ్డీ, అరిగిందని మెకానిక్ తేల్చేశాడు. ఆ అనుమానానికి ఆధారం లేకపోలేదు. ఇలాంటి ఇంజను పూర్తి లోడు మీద గంటకు సుమారు లీటరు డీజిల్ తాగుతుంది. నిమిషానికి 1500 చుట్లు తిరిగే ఇంజనులో రెండు చుట్లకొకసారి చొప్పున పంపు గంటకు 45,000 సార్లు కొట్టాలి కాబట్టి, ఒక్కో దెబ్బకు వెళ్లేది 22 ఘనపు మిల్లీమీటర్లు, అంటే ఒక చుక్కలో సగం కూడా కాదు. ఆ అరచుక్కను, సిలిండరులోకి డీజిల్ చిమ్మే నాజిల్ తెరుచుకునేంత ఒత్తిడికి, చదరపు సెంటీమీటరుకు దాదాపు 200 కిలోలకు, ఎక్కించాలంటే ప్లంజరుకూ బ్యారెల్‌కూ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు మించకూడదు. ఆ సందు అరిగి పెరిగితే, చల్లగా ఉన్న చిక్కటి డీజిల్‌ను పంపు ఎలాగో నెట్టుకొస్తుంది గాని, వేడెక్కి పలచబడిన డీజిల్ ప్లంజరు పక్కనుంచి జారిపోతుంది. మెకానిక్ నేర్చుకున్నది ఇదే, అతను చెప్పిందీ ఇదే. చూడవలసిన వరుసలో మాత్రం అతను చూడలేదు.

పంపు విప్పి పట్నంలో పంపులు బాగుచేసే షాపుకు తీసుకువెళ్లాము. మైకో కంపెనీ పేరు 2008లోనే బాష్‌గా మారినా మా వైపు ఇప్పటికీ మైకో ఎలిమెంటు అనే అడుగుతాము. అదీ, నెట్టిన డీజిల్ వెనక్కి రాకుండా ఆపే డెలివరీ వాల్వూ, కూలీ కలిసి పైన చెప్పిన 1,850 అయింది. తెచ్చి బిగించాక ఇంజను ఠంగుఠంగుమని నాక్ కొట్టడం మొదలుపెట్టింది, హ్యాండిల్ తిప్పుతుంటే ఎదురు తన్నింది. పంపు అంచు కింద ఉండే షిమ్‌లనే పలచని రేకుల్లో ఒకటి విప్పేటప్పుడు గట్టు మీద గడ్డిలో పడిపోయింది. షిమ్ తగ్గితే పంపు, దానిని కొట్టించే క్యామ్‌కు దగ్గరై డీజిల్ ముందుగానే పడుతుంది, ఆ చప్పుడు దానిదే. టార్చి లైటు వేసుకుని ఆ రేకుముక్కను వెతకడానికి ఒక రాత్రి పట్టింది. షిమ్ దొరికింది, చప్పుడు పోయింది, ఇరవై నిమిషాలకు ఇంజను ఆగిపోయింది.

మరునాడు మా పెదనాన్న గట్టు మీదకు వచ్చారు. ఆయన మెకానిక్ కాదు, చదువుకున్నది ఐదో తరగతి. "ఒరేయ్, ఈసారి ఆగినప్పుడు దేన్నీ ముట్టుకోకుండా నన్ను పిలవండి" అన్నారు. ఆగింది, పిలిచాము. ఆయన పంపు దగ్గర డీజిల్ వచ్చే పైపు బోల్టును వదులు చేశారు. నాలుగు చుక్కలు కారి ఆగిపోయాయి. ట్యాంకు సగానికి పైగా నిండి ఉంది, కుళాయి తెరిచే ఉంది, అయినా డీజిల్ దిగడం లేదు. అప్పుడు మూత తిప్పారు. హుస్సుమని గాలి లోపలికి పీల్చుకుంది, కింద వదులు చేసిన చోటునుంచి డీజిల్ ధారగా దూకి ఆయన పంచె తడిపింది. మూత లోపలి వైపు చూస్తే, నాలుగు మడతలు పెట్టిన పాల ప్యాకెట్ కవరు ముక్క, లోపలి గుంజుడుకు లోతుగా వంగి చిన్న గిన్నెలా తయారై ఉంది. మూత మీది గాలి రంధ్రంలోంచి వాన నీరు దిగుతోందని జూలైలో దానిని అక్కడ పెట్టినది నేనే. తాగిన డీజిల్ స్థానంలోకి గాలి రాకపోతే ట్యాంకు డీజిల్‌ను వదలదు. మా తమ్ముడు మూత తీసి చూసిన ప్రతిసారీ తెలియకుండానే ఇంజనుకు వైద్యం చేస్తున్నాడు.

అందువల్ల నా లెక్కలో పదిమంది పంపు పోయిందంటే తొమ్మిది పంపులు నిర్దోషులు. మూత, కుళాయి, ఫిల్టరు, పైపులో చిక్కిన గాలి, ఈ వరుస దాటకుండా పంపు మీద స్పానరు వేయకూడదు. మూత తీసినా మీ ఇంజను ఆగుతూనే ఉంటే ఫిల్టరు గిన్నె విప్పి అడుగున నీరు ఉందేమో చూడండి. డబ్బాలో తెచ్చిన డీజిల్ అడుగు వంపితే నీరూ నుసీ కలిసే వస్తాయి. ఇక నిజంగా పంపే అరిగితే దానికి వేరే గుర్తులున్నాయి. ఉదయం స్టార్టయిన ఇంజను, గంట నడిపి మీరే ఆపిన తరువాత వేడి మీద అసలు అందుకోదు. ఆగి ఉన్న పంపుకు తడి గుడ్డ చుట్టి చల్లార్చితే అందుకుంటుంది. అంతకంటే గట్టి సాక్ష్యం ఇంజను ఆయిల్‌లో దొరుకుతుంది. ప్లంజరు పక్కనుంచి జారిన డీజిల్ కింద ఆయిల్‌లోకే చేరుతుంది కాబట్టి, డిప్‌స్టిక్ తీస్తే మట్టం పెరిగి, ఆయిల్ పలచబడి, డీజిల్ వాసన వేస్తుంది. ఆయిల్ తగ్గాలి గాని పెరిగిందంటే సంతోషించకండి. నాజిల్ వైపు పైపు విప్పి పంపు పైకొన చూసినప్పుడు, ఇంజను కదలకుండా ఉన్నా డీజిల్ ఊరుతూ ఉంటే డెలివరీ వాల్వు కూర్చోవడం లేదని అర్థం. హ్యాండిల్ తిప్పుతున్నప్పుడు నాజిల్ కిర్రుమంటే డీజిల్ అందుతున్నట్టే. కొందరు నాజిల్ బయటికి తీసి, స్ప్రే ఎలా ఉందోనని అరచేయి అడ్డం పెడతారు. ఆ పని చచ్చినా చేయవద్దు, ఆ ఒత్తిడికి డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది, వేలు తీసేయవలసి రావచ్చు.

2020 ఏప్రిల్‌లో గంధకం 50 పీపీఎం (పది లక్షలకు 50 పాళ్లు) నుంచి 10కి తగ్గిన కొత్త డీజిల్ వచ్చాక పంపులు ఊరికే అరిగిపోతున్నాయన్న మాటను నేను నమ్మను, ఎందుకంటే గంధకంతోపాటు తగ్గే జారుడు గుణానికి మందు కలిపే ఆ డీజిల్‌ను అమ్ముతారు. పంపును అరగదీసేది చవకని కలిపే కిరోసిన్, ఫిల్టరు మార్చడానికి పడే బద్ధకం.

ఇంతా చదివి పంపు విప్పక తప్పదనుకుంటే, షిమ్‌లు లెక్కపెట్టి దారానికి గుచ్చి జేబులో వేసుకోండి. తిరిగి బిగించేటప్పుడు డీజిల్ కొలతను మార్చే పంపు ర్యాక్, వేగాన్ని అదుపు చేసే గవర్నరు లివరులో సరిగా కూర్చుందో లేదో వేలితో కదిపి చూడండి, అది తప్పితే ఇంజను అదుపు లేకుండా వేగం అందుకుంటుంది.

షాపువాడు అరిగిందని తీసి ఇచ్చిన మా పాత ఎలిమెంటు ఇప్పటికీ కొట్టంలో మేకుల డబ్బాలో ఉంది. బ్యారెల్ పై రంధ్రాన్నీ పక్క రంధ్రాలనూ వేళ్లతో మూసి, ప్లంజరును కొద్దిగా వెనక్కి లాగి వదిలితే, అరగని ఎలిమెంటులాగే ఈ రోజుకీ టప్పుమని లోపలికి దూసుకుపోతుంది.