పెట్టె కొనే ముందు పూలు చూడు

చి. సౌ. రమకు,

పెదనాన్న ఆశీస్సులు. పెరట్లో తేనెటీగలు పెంచాలనుందని, పెట్టెలు ఎక్కడ దొరుకుతాయో చెప్పమని అడిగావు. దొరకడం కష్టం కాదమ్మా. డబ్బులిస్తే పెట్టె, ఈగలు, ముసుగు, పొగడబ్బా అన్నీ ఒకే ఆటోలో మీ గుమ్మంలోకి వస్తాయి. వచ్చినవాటిని నిలబెట్టుకోవడం దగ్గరే చాలామంది చేతులెత్తేస్తారు. మన నాటు ఈగకు తిండి చాలకపోతే చచ్చేదాకా అక్కడే కూర్చోదు, పట్టు మొత్తం ఖాళీ చేసి లేచిపోతుంది. పొద్దున చూస్తే పెట్టెలో మైనం తప్ప ఏమీ ఉండదు.

అందుకని ముందు ఒక నోటుబుక్కు తీసుకో. ఇంటి చుట్టూ కిలోమీటరు మేర ఏ నెలలో ఏం పూస్తుందో రాయి. నాటు ఈగ మేతకు తిరిగేది చాలావరకు ఆ మేరలోనే. జంగారెడ్డిగూడెం చుట్టుపక్కల కాబట్టి కొన్ని నేనే చెప్పగలను. కొబ్బరి ఏడాది పొడుగునా పూస్తుంది, అది మంచి ఆధారం. సంక్రాంతి దాటాక జీడిమామిడి తోటలు పూతకొస్తాయి. ఉగాది అటూ ఇటూ వేప, దాని వెంబడే కానుగ, ఎండలు ముదిరాక చింత. మునగ ఉంటే ఈగలు పొద్దున్నే దాని మీదే ఉంటాయి. ఎవరైనా నువ్వులో, పొద్దుతిరుగుడో, ధనియాలో వేస్తే నీ అదృష్టం. మొక్కజొన్న పుప్పొడి ఇస్తుంది గానీ మకరందం ఇవ్వదు. ఈ రెండూ వేరువేరని గుర్తుంచుకో: పుప్పొడి ఈగపిల్లలకు తిండి, మకరందం తేనెకు ముడిసరుకు. ఒకటి ఉండి రెండోది లేకపోతే పట్టు ఎదగదు.

మీ వైపు ఎటు చూసినా పామాయిల్ కదా, అన్ని చెట్లున్నాయి, మేతకు లోటేముంది అనుకోకు. ఆ గెలల్లో పుప్పొడి మోసే పనికి ఓ చిన్న ముక్కుపురుగును ఆఫ్రికా నుంచి తెచ్చి వదిలారు, అక్కడ మన ఈగ మీద ఎవరూ ఆధారపడలేదు. ఆ తోటలను నీ లెక్కలో వేయకు. గేటు మీద పాకించిన కాగితంపూల తీగ కూడా అంతే, చూసేవాళ్లకే అందం. దాని బదులు తులసి పూత కోసేయకుండా వదిలెయ్యి, కరివేపాకు చెట్టు పెరగనివ్వు, గట్ల మీద తుమ్మి మొక్కల్ని పీకించకు.

నీ పుస్తకంలో ఏ రెండు మూడు నెలలు ఖాళీగా కనిపిస్తాయో, అవి నువ్వు వాటిని పోషించాల్సిన నెలలు. మనకు సాధారణంగా ముసురు పట్టే వానాకాలం అది. అప్పుడు పంచదార, వేడినీళ్లు సమానంగా కలిపి, చల్లారాక చిన్న గిన్నెలో పోసి, ఈగలు మునిగిపోకుండా నాలుగు పుల్లలు వేసి, సాయంత్రం పెట్టె లోపల పెట్టు. బయట ఒక్క చుక్క ఒలకనివ్వకు. ఆ వాసనకు పక్క పట్టు ఈగలు దోపిడీకొస్తాయి, పోరు మొదలైతే ఆపడం నీ వల్ల కాదు. బెల్లం పాకం వద్దు, వాటికి పడదు.

ఇక ఏ ఈగ అన్నది. చింతకొమ్మకో, నీళ్ల ట్యాంకు కిందో వేలాడే పెద్ద కొండ ఈగ పెట్టెలో ఉండదు. అది ఆరుబయట ఒకే పెద్ద పట్టు పెడుతుంది, దాని జోలికి వెళ్లకు. కంపల్లో అరచేయంత పట్టు పెట్టే చిన్న ఈగ కూడా అంతే. పెట్టెలో పెరిగేవి రెండు: చెట్టు తొర్రల్లో, పుట్టల్లో, గోడ సందుల్లో వరసగా పట్లు పెట్టుకునే మన నాటు ఈగ, బయటినుంచి వచ్చిన ఇటాలియన్ ఈగ. అమ్మేవాళ్లు నీకు రెండోదాన్నే చూపిస్తారు, ఎందుకంటే తేనె ఎన్నో రెట్లు ఎక్కువ. కానీ ఆ తేనె రావాలంటే పెట్టెలు లారీకెక్కించి పూల వెంట ఊళ్లు తిప్పాలి, పైగా నల్లి పురుగు బెడద. అది వ్యాపారం. పెరటికి నాటు ఈగే సరి. ఏడాదికి పెట్టెకు అయిదారు కిలోలొస్తే బాగా వచ్చినట్టు, మొదటి ఏడాది అదీ ఆశించకు.

నాటు ఈగకూ ఒక గండం ఉంది. 1991-92లో సంచి రోగం దక్షిణాదిని ఊడ్చేసింది, కేరళలో పట్లకు పట్లే పోయాయి. పిల్లపురుగు పట్టులోని తన చిన్న మైనపు గదిలోనే తల పైకెత్తి, నీళ్లు నిండిన సంచిలా అయి చస్తుంది. వైరస్ కాబట్టి మందు లేదు. అందుకే ఈగలు కొనేటప్పుడు పెట్టె మూత తీయించి, పిల్ల పట్లు పైకి లేపించి నీ కళ్లతో చూడు. నాలుగైదు ఫ్రేముల (ఈగలు పట్టు కట్టుకునే చెక్క చట్రాల) నిండా ఈగలుండాలి, గదుల అడుగున బియ్యపు నూక కన్నా సన్నంగా తెల్లటి గుడ్లుండాలి. గుడ్లుంటే మూడు రోజుల్లోపు రాణి, అంటే గుడ్లు పెట్టే ఈగ, అక్కడ తిరిగిందన్నమాట. రాణిని వెతుక్కుంటూ పెట్టెంతా కెలకాల్సిన పని లేదు.

కొనడం కార్తీకంలో పెట్టుకో. వానలు వెనకబడతాయి, ముందు పూతకాలం ఉంటుంది. ఒకటి కాదు, రెండు పట్లు, అంటే ఈగలతో నిండిన రెండు పెట్టెలు కొను. ఖర్చు రెండింతలని మీ ఆయన గొణుగుతాడు, గొణగనీ. ఒకదాంట్లో రాణి పోతే రెండోదాంట్లోంచి గుడ్లున్న ఫ్రేము తీసి ఇస్తే వాటంతట అవే కొత్త రాణిని చేసుకుంటాయి. ఒక్కటే ఉంటే చూస్తూ కూర్చోవడమే.

పెట్టె తూర్పుముఖంగా, మధ్యాహ్నం నీడ పడేచోట ఉండాలి. రాత్రి లైటు దాని ముఖాన కొట్టకూడదు. స్టాండు నాలుగు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు తప్పనిసరి, చీమలెక్కితే నాటు ఈగ సర్దుకుపోదు. దగ్గర్లో తడి గులకరాళ్లు వేసిన నీళ్ల మూకుడు పెట్టు, లేదంటే పక్కింటివాళ్ల కుళాయి దగ్గర చేరి నీకు తగువు తెస్తాయి. ఒకసారి పెట్టాక, అటు బాగుంటుందని పది అడుగులు జరపకు. మేతకెళ్లినవి పాత చోటుకే తిరిగొచ్చి అక్కడే తిరుగుతాయి. జరిపితే రోజుకో అడుగు జరపాలి, కాదంటే రాత్రి మూసి ఏకంగా మూడు కిలోమీటర్ల అవతలికి తీసుకెళ్లాలి.

వారం పది రోజులకోసారి తెరిచి చూడు, ఎండ కాసే పొద్దుటిపూట. పెట్టె వాకిలికి ఎదురుగా కాదు, పక్కన నిలబడు. కొబ్బరి పీచు రాజేసి రెండు ఊదులు పొగ చాలు. చూడాల్సినవి: గుడ్లు, నిల్వ తేనె, అడుగుపలక మీద మైనపు పురుగు రాల్చిన పొట్టు. ఆ పొట్టు ఎప్పటికప్పుడు ఊడ్చి పారెయ్యి. పట్టు కింది అంచున వేరుశనక్కాయలా వేలాడే గదులు కనిపిస్తే రాణులు తయారవుతున్నాయని అర్థం, పాత రాణి సగం ఈగల్ని వెంటబెట్టుకుని వెళ్లబోతోంది. అప్పుడు నాకు ఫోన్ చెయ్యి, పట్టు ఎలా విడదీయాలో దగ్గరుండి చెబుతాను. ఉత్తరంలో చెబితే అయ్యే పని కాదు. ఈలోగా కృషి విజ్ఞాన కేంద్రంలో శిక్షణ ఎప్పుడుందో కనుక్కో.

చుట్టూ తోటలవాళ్లతో ముందే మాట్లాడు. పూతమీద పొద్దున్నే మందు కొట్టారంటే మధ్యాహ్నానికి వాకిలి ముందు ఈగలు కుప్పగా పడి ఉంటాయి. పొద్దుగూకాక కొట్టమని బతిమాలు, ఏ రోజో ముందురోజు చెప్పమను. ఆ పూట వాకిలికి సన్న ఇనపజాలీ కట్టి గాలాడేలా మూసెయ్యి. నీ తేనె మొదటి సీసా వాళ్లకే ఇవ్వు, పరాగం పని నీ ఈగలు వాళ్ల తోటలోనూ చేస్తాయని మాటల్లో పెట్టు.

కుడతాయి, కుట్టకుండా ఎవరికీ ఈ పని రాలేదు. ముల్లును గోరుతో వెంటనే గీకెయ్యి, ఆలస్యమైన కొద్దీ విషం ఎక్కుతుంది. కుట్టినచోట అరటిపండు వాసన వస్తుంది, ఆ వాసనే మిగతావాటిని పిలుస్తుంది, కాస్త పొగ పట్టించి పక్కకు తప్పుకో. వాపు, దురద మామూలే. నాలుక మందమైనా, ఒళ్లంతా దద్దుర్లొచ్చినా, ఊపిరి ఆడకపోయినా సున్నం, పసుపు అంటూ కూర్చోకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.

తేనె తీసే రోజు వస్తే పెట్టె పై అరలోని ఫ్రేములే తియ్యి, అదీ ముప్పాతిక వంతు గదులకు మైనం మూత పడ్డాకే. మూత పడని తేనెలో నీరు ఎక్కువ, సీసాలో పొంగి పులుస్తుంది. పట్టు పిండకు, ఫ్రేముల్ని గిరగిరా తిప్పి తేనె రాబట్టే యంత్రం ఎవరిదగ్గరైనా అడిగి తెచ్చుకో. అప్పుడు పట్టు చెడదు, ఈగలకు మళ్లీ కట్టుకునే శ్రమ తప్పుతుంది. వానాకాలానికి వాటి వాటా వదిలెయ్యి. సీసాలో గడ్డకడితే కల్తీ అని నీ చుట్టాలంటారు, అసలు తేనె కూడా గడ్డకడుతుంది, గోరువెచ్చని నీళ్లలో సీసా పెడితే కరుగుతుంది.

ఇంకో మాట. బుజ్జిదానికి ఏడాది నిండేదాకా నీ తేనె కాదు కదా, ఎవరి తేనె కూడా నాలిక్కి రాయనివ్వకు. పసిపిల్లల పేగుల్లో విషం పుట్టించే సూక్ష్మజీవి తేనెలో ఉండొచ్చు. మీ అత్తగారు ఆనవాయితీ అంటే నా పేరు చెప్పు, ఆవిడ నా మాట వింటుంది.

మీ పెదనాన్న