చేయి దూరని చోట ఉన్న డీజిల్ ఫిల్టర్‌ని ఇంట్లో మార్చుకోవచ్చా? నేను మార్చిన తీరు ఇదీ

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదే కదా: కడప నుంచి రాయచోటికి లోడుతో పోతుంటే గువ్వలచెరువు ఘాట్‌లో బండి లాగడం లేదు, పొద్దున చాలాసేపు సెల్ఫ్ కొడితే గానీ స్టార్ట్ కావడం లేదు, డీజిల్ ఫిల్టర్ మార్చమన్నారు, కానీ అది ఇంజన్‌కీ చాసిస్‌కీ మధ్య ఇరుక్కుని ఉంది, పైనుంచి చేయి పోదు, కిందనుంచి కనపడదు, మనమే మార్చుకోవచ్చా అని. మార్చుకోవచ్చు. నాది పులివెందుల, చీనీ కాయల లోడు కొట్టే పికప్, ఫిల్టర్ ఉన్న చోటు అచ్చం నువ్వు చెప్పినట్టే. మొదటిసారి నాలుగు గంటలు పట్టింది, ఇప్పుడు గంటన్నరలో అయిపోతుంది. ఒక్క మాట మాత్రం ముందే చెప్తా. ఊడదీయడం కష్టమే గానీ బండిని చెడగొట్టేది ఆ కష్టం కాదు, ఊడదీసినప్పుడు లోపలికి పోయే దుమ్ము, గాలి. నీ జాగ్రత్త అంతా అక్కడ పెట్టు.

కొత్త ఫిల్టర్ కొనకముందే ఒక పని చెయ్. ఫిల్టర్ అడుగున నీళ్లు తీసే మర ఉంటుంది, రాత్రంతా బండి కదలకుండా నిలబెట్టి పొద్దున్నే ఇంజన్ ఆన్ చేయకముందు ఆ మర వదులు చేసి ఒక గాజు సీసాలోకి కొంచెం పట్టు. డీజిల్ కన్నా నీళ్లు బరువు కాబట్టి అడుక్కి దిగుతాయి. నేను పట్టినప్పుడు సీసాలో పైన పసుపు, కింద వేలెడు మందాన తెల్లగా నీళ్లు, మధ్యలో గీత గీసినట్టు కనపడింది. తోటలో ట్రాక్టర్ కోసం పెట్టిన డ్రమ్ములోంచి రెండుసార్లు బండికి పోసుకున్నా, వాన పడినప్పుడు దాని మూత సరిగ్గా లేదు, నీళ్లు అక్కడివే. నీకూ అట్లా వస్తే ఫిల్టర్ ఒక్కటే మారిస్తే చాలదు, ట్యాంకు కూడా కడగాలి, లేకపోతే కొత్తది నెలలో మళ్లీ అదే దారి పడుతుంది.

ఇక చేయి దూరే దారి. పైనుంచి ప్రయత్నించి టైం వేస్ట్ చేసుకోవద్దు. నా బండికి ముందు ఎడమ చక్రం తీసి, మడ్గార్డు లోపల ఉండే నల్ల ప్లాస్టిక్ కవరు క్లిప్పులు ఊడదీస్తే ఫిల్టర్ ఎదురుగా కనపడింది, అప్పటిదాకా ఆ దారి ఉందని నాకు తెలియదు. నీ బండికి ఏ పక్క ఉందో టార్చి వేసి ముందు చూసుకో. సమతలంగా ఉన్న చోట పెట్టు, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టు, జాకీని మాత్రం నమ్మొద్దు, చాసిస్ కింద స్టాండు పెట్టాకే చేయి లోపల పెట్టు. ఇంజన్ పూర్తిగా చల్లారాలి. బ్యాటరీ మైనస్ వైరు తీసెయ్. కింద డైనమో గానీ సెల్ఫ్ మోటార్ గానీ ఉంటే ప్లాస్టిక్ కవరు చుట్టు, డీజిల్ కారి దాంట్లోకి పోతే అదొక కొత్త ఖర్చు.

తర్వాత అందరూ దాటేసే పని, తుడవడం. మన రోడ్ల సంగతి నీకు తెలుసు, ఎర్రగుంట్ల వైపు నాలుగు ట్రిప్పులు తిరిగితే సిమెంటు దుమ్ము డీజిల్ తడికి అంటుకుని ఫిల్టర్ చుట్టూ పిండిముద్ద లాగా గట్టిపడి ఉంటుంది. ఆ ముద్దతోనే మర తిప్పితే అది నేరుగా లోపలికి రాలుతుంది. ఇప్పటి కామన్ రైల్ ఇంజన్లలో, అంటే ఒకే పైపు నుంచి అన్ని ఇంజెక్టర్లకీ డీజిల్ పోయే ఇంజన్లలో, డీజిల్ వెయ్యి బార్లు దాటిన ప్రెషర్‌తో పోతుంది, డీజిల్ చిమ్మే ఆ ఇంజెక్టర్ లోపల సందు కంటికి కనపడనంత సన్నం, కాబట్టి చిటికెడు దుమ్ము చాలు ఇంజెక్టర్లు పోవడానికి, వాటి రేటు ముందు ఫిల్టర్ రేటు ఒక లెక్కే కాదు. పాత టూత్‌బ్రష్‌తో, డీజిల్ తడిపిన గుడ్డతో నేను పావుగంట తుడిచా. పోగులు ఊడే గుడ్డ వద్దు.

తిప్పడానికి బెల్టు రెంచి పనికిరాలేదు, తిప్పే జాగా లేదు. ఫిల్టర్ అడుగుకి గిన్నెలాగా తొడిగే రెంచి ఒకటి దొరుకుతుంది, దానికి పొడుగు రాడ్డు పెట్టి బయట నుంచే తిప్పా. అంతకుముందు ఒక షెడ్డులో స్క్రూడ్రైవర్ గుచ్చి తిప్పబోయి రేకు చింపేశారు, పైభాగం అక్కడే మిగిలిపోయి దాన్ని ఉలితో తీయాల్సి వచ్చింది. నువ్వు ఆ పని చేయొద్దు.

అడుగున నీళ్ల సెన్సర్ ఉంటే దాని వైరు ముందు తియ్యాలి. వైరు చివర తగిలించే కప్లర్ ప్లాస్టిక్ వేడికి పెళుసై ఉంటుంది. వైరు పట్టి లాగకుండా లాక్ నొక్కి కప్లర్‌ని పట్టుకునే లాగు. సెన్సర్ చాలాసార్లు పాత ఫిల్టర్‌తో పాటే వస్తుంది, పారేసేముందు విప్పి కొత్తదానికి బిగించుకోవాలి.

ఇప్పుడు నన్ను నిజంగా ఏడిపించిన విషయం. పాతది ఊడి చేతిలోకి వచ్చింది, కొత్తది బిగించా, స్టార్ట్ చేశాక చూస్తే చుట్టూ డీజిల్ కారుతోంది. విప్పి బిగించా, మళ్లీ కారింది. చేత్తో పైన తడిమితే తెలిసింది, పాత ఫిల్టర్ రబ్బరు రింగు పైన ఇంజన్ పక్కనే అతుక్కుని ఉండిపోయింది, దాని మీద నేను కొత్త రింగు పెట్టి బిగిస్తున్నా. నల్ల లోహం మీద నల్ల రింగు, కంటికి ఆనదు. అందుకని పాతది తీయగానే దాని నెత్తిన రింగు ఉందా లేదా చూడు, లేకపోతే పైన గోటితో గీరి చూడు. కొత్త రింగుకి కొంచెం శుభ్రమైన డీజిల్ రాసి చేత్తో బిగించు, రింగు ఆనాక ఎంత తిప్పాలో ఫిల్టర్ మీద రాసి ఉంటుంది, నాదానికి ముప్పావు చుట్టు. రెంచితో బలం చూపిస్తే ఈసారి తీసేటప్పుడు నువ్వే బాధపడతావు.

పాత బండ్లకి కొత్త ఫిల్టర్‌లో డీజిల్ పోసి బిగించేవాళ్లం. కామన్ రైల్ బండికి అట్లా పోయొద్దు. మధ్య రంధ్రంలో పోస్తే అది వడకట్టని డీజిల్, నేరుగా పంపుకి పోతుంది. ఖాళీగానే బిగించి, పైన ఉండే చేతి పంపుని నొక్కుతూ పో. మొదట మెత్తగా దిగుతుంది, పోను పోను గట్టిపడుతుంది, నేను దాదాపు వందసార్లు నొక్కా. లోపలి గాలి వదిలే ఎయిర్ మర ఉంటే కొంచెం వదులు చేసి బుడగలు ఆగి డీజిల్ ఒకే ధారగా వచ్చేదాకా నొక్కి బిగించు. చేతి పంపు లేకుండా ట్యాంకులోనే కరెంటు పంపు ఉన్న బండి అయితే, బ్యాటరీ వైరు తిరిగి కలిపి, తాళం ఆన్ చేసి కొన్ని సెకన్లు ఉంచి ఆఫ్ చెయ్, అట్లా నాలుగైదుసార్లు.

తర్వాత, తీసిన వైర్లన్నీ కలిపాక, సెల్ఫ్ పది సెకన్లకు మించి కొట్టొద్దు, నిమిషం ఆగి మళ్లీ కొట్టు. ఎయిర్ పోలేదని ఇంజెక్టర్ పైపులు వదులు చేసి సెల్ఫ్ కొట్టమని ఎవరైనా చెప్తే వినొద్దు, అది పాత ఇంజన్ల పద్ధతి. ఇప్పటి ప్రెషర్‌కి డీజిల్ సూదిలాగా చర్మంలోకి దిగుతుంది, చేయి తీసేసే దాకా పోవచ్చు.

స్టార్ట్ అయ్యాక మొదట కొంచెం దడదడలాడుతుంది, నిమిషంలో సర్దుకుంటుంది. చక్రం బిగించకముందే పది నిమిషాలు ఇంజన్ తిరగనిచ్చి, ఆపేసి, ఫిల్టర్ చుట్టూ తెల్ల కాగితం తిప్పి చూడు, తడి తగిలిందంటే విప్పాల్సిందే. రాత్రికి కింద అట్టముక్క పరిచి పెట్టు, పొద్దున అది పొడిగా ఉండి బండి ఒక్క సెల్ఫ్‌కి అందుకుంటే లోడు వేసుకుని ఘాట్ ఎక్కు. అప్పటికీ లాగకపోతే ట్యాంకులో జాలీ మూసుకుపోయిందేమో చూడాలి. ఏ సంవత్సరం బండి, చేతి పంపు ఉందా లేదా రాయి, ఎట్లా చూడాలో చెప్తా.