సొరచేప ప్లాస్మాతో పని మొదలుపెట్టే ముందు

చిరంజీవి సుధకు ఆశీస్సులు.

సొరచేప రక్తంలో టెస్టోస్టిరాన్, ఈస్ట్రడయాల్ దేన్ని పట్టుకుని తిరుగుతాయో చూస్తానన్నావు. మంచి పని ఎంచుకున్నావు. అయితే మనిషి రక్తం గురించి చదివినదంతా కాస్త పక్కన పెట్టు. మనలో ఈ హార్మోన్లను గట్టిగా పట్టుకునేది ఎస్‌హెచ్‌బీజీ (సెక్స్ హార్మోన్లను మోసే రక్త ప్రోటీన్). పట్టు వదులైనా రాశిలో బోలెడంత ఉండేది అల్బుమిన్. సొరచేపల ప్లాస్మాలో అలాంటి అల్బుమిన్ ఉందని నమ్ముకుని లెక్కలు వేయకు. ఈ హార్మోన్లు స్టిరాయిడ్లు, కొవ్వులో కరిగేవి కాబట్టి కొవ్వును మోసే లిపోప్రోటీన్ల మీద ఒక కన్ను వేసి ఉంచు.

నాకు టెన్షన్ అంతా నువ్వు వాడబోయే బొగ్గుపొడి గురించే. డెక్స్‌ట్రాన్ అనే చక్కెర పదార్థం పూసిన ఆ పొడి విడిగా ఉన్న హార్మోన్‌ను పీల్చుకుంటుంది, నిజమే. కానీ బంధం బలహీనమైనదైతే హార్మోన్ క్షణాల్లో ప్రోటీన్‌ను వదిలేస్తుంది, దాన్ని కూడా బొగ్గు లాగేసుకుంటుంది. చివరికి మిగిలిన సున్నాను చూసి "ఇక్కడ వాహక ప్రోటీనే లేదు" అని రాసేస్తారు. పట్టు తక్కువ, హార్మోన్ కూర్చునే చోటు ఎక్కువ ఉన్న ప్రోటీన్‌కు ఈక్విలిబ్రియం డయాలిసిస్సే (విడి హార్మోన్ మాత్రమే దాటే పొరకు రెండు వైపులా సమతౌల్యం వచ్చేదాకా ఆగి కొలవడం) సరైనది. ఆలస్యమవుతుంది, విసుగు పుడుతుంది, అయినా అదే చెయ్యి.

ఇంకో చిక్కుంది. లేబుల్ (కొలవడానికి హార్మోన్‌కు వేసే గుర్తు) లేని హార్మోన్‌ను ఎక్కువగా పోసినా కదలని లేబుల్ హార్మోన్ భాగాన్ని "నాన్‌స్పెసిఫిక్" (అసలు పట్టు కాదు, ఊరికే అంటుకున్నది) అని తీసేయడం అందరికీ అలవాటు. చోటు విపరీతంగా ఉన్న ప్రోటీన్ విషయంలో అలా తీసేస్తే, నువ్వు వెతుకుతున్నదే చెత్తబుట్టలోకి పోవచ్చు. ఆ అంకెల్ని విడిగా రాసి పెట్టుకో.

బఫర్‌ను (ప్రయోగంలో వాడే ద్రావణాన్ని) మామూలు రెసిపీ చూసి కలపకు. సముద్రపు సొరచేప ప్లాస్మాలో యూరియా లీటరుకు ఇంచుమించు 350 మిల్లీమోల్ ఉంటుంది, మనకన్నా 50 రెట్లకు పైగా. యూరియా ప్రోటీన్ల ఆకృతిని సడలిస్తుంది, టీఎంఏఓ (సొరచేప రక్తంలోనే ఉండే మరో చిన్న పదార్థం) నిలబెడుతుంది. ఆ రెండూ, ఉప్పూ ఆ చేపలో ఉన్నట్టే ఉండాలి. ఉష్ణోగ్రత కూడా అది ఈదే నీటిదే పెట్టు. 37 డిగ్రీలు దానికి జ్వరం కాదు, చావు.

మగ, ఆడ చేపల ప్లాస్మాను ఎప్పుడూ కలపకు. గుడ్లు తయారవుతున్న ఆడచేప రక్తంలో విటెల్లోజెనిన్ ఉంటుంది. అదీ కొవ్వును మోసే ప్రోటీనే, లెక్కను తారుమారు చేయగలదు. పైగా చేప సొంత హార్మోన్లు ముందే చోట్లు ఆక్రమించుకుని ఉంటాయి. ముందు వాటిని తీసేసి ఆ తర్వాత లేబుల్ వెయ్యి. బొగ్గు నిజంగా పనికొచ్చేది అక్కడే, కాకపోతే ఆ తర్వాత దాన్ని పూర్తిగా వడగట్టెయ్యాలి.

మొదటి డయాలిసిస్ అయ్యాక ముడి అంకెలే పంపు. గ్రాఫులు తర్వాత గీద్దాం.

ఇట్లు,
మాస్టారు