నాలుగు వైపులా నల్ల అంచులా? ముందు ఆ నలుపు ఎక్కడిదో తేల్చండి

మీరు చెప్పింది ఇది: పాత క్యామ్‌కార్డర్ టేపు నుంచి మార్పించిన ఎంపీ4 ఫైలు. ల్యాప్‌టాప్‌లో పెట్టినా, టీవీలో పెట్టినా బొమ్మ చుట్టూ నల్లటి అంచులు. ఫుల్ స్క్రీన్ నొక్కినా నిండట్లేదు. రిమోట్‌తో పిక్చర్ సైజు మారిస్తే మనుషులు అడ్డంగా సాగిపోతున్నారు. మా ఇంటి టేపులు మార్పించినప్పుడు నాకూ అచ్చం ఇలాంటి ఫైళ్లే చేతికొచ్చాయి. వాటిని ఎలా బాగుచేసుకున్నానో చెబుతాను.

సెట్టింగుల్లో చెయ్యి పెట్టకముందే ఒక విషయం తేలాలి. ఆ నలుపు వేస్తున్నది ఫైలా, ప్లేయరా, టీవీయా? ఇది తేలకుండా రిమోట్ ఎంతసేపు నొక్కినా లాభం ఉండదు. వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయర్లో వీడియో తెరిచి, ఫుల్ స్క్రీన్ చేయకుండా మామూలు విండోలోనే ఉంచండి. విండో వీడియో ఆకారానికి తగ్గట్టు తెరుచుకుంటుంది. అప్పుడు కూడా విండో లోపల నలుపు కనిపిస్తే అది ఫైల్లోనే ఉంది, బొమ్మతో పాటే రికార్డయింది. టూల్స్ మెనూలో కోడెక్ ఇన్ఫర్మేషన్ కూడా చూడండి. రిజల్యూషన్ 1920×1080 అని ఉండి, అసలు బొమ్మ మాత్రం మధ్యలో చిన్నగా ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. ఒకవేళ టీవీకి కేబుల్ కలిపినప్పుడు వీడియో ఒక్కటే కాక డెస్క్‌టాప్ మొత్తం కుంచించుకుపోయి కనిపిస్తుంటే, అది గ్రాఫిక్స్ డ్రైవర్‌లోని స్కేలింగ్ సమస్య. అక్కడ అండర్‌స్కాన్‌ని (తెర బొమ్మను కుదించే సెట్టింగు) సున్నా చేస్తే పోతుంది. మీకు రెండు తెరల మీదా ఒకేలా వస్తోంది కాబట్టి నేను ఫైలునే అనుమానిస్తున్నాను.

నాలుగు వైపులా ఎందుకు వస్తుందంటే, నలుపు రెండుసార్లు పడుతుంది. ఆ కాలం టేపు మీద ఫ్రేమ్ 4:3, అంటే వెడల్పు 4 పాళ్లయితే ఎత్తు 3 పాళ్లు. చాలా క్యామ్‌కార్డర్లలో సినిమా మోడ్ అని ఉండేది. అది పెట్టి తీస్తే 4:3 ఫ్రేమ్ లోపలే పైనా కిందా నల్ల పట్టీలు వేసి, మధ్యలో వెడల్పాటి బొమ్మ రికార్డు చేసేది. తర్వాత డిజిటల్‌లోకి మార్చినవాళ్లు ఆ 4:3 ఫ్రేమ్‌ని ఇప్పటి వెడల్పు టీవీల ఆకారమైన 16:9 లోకి సర్దడానికి ఇరుపక్కలా ఇంకో రెండు పట్టీలు కలిపేశారు. లెక్క వేస్తే 1920×1080 ఫ్రేమ్‌లో అసలు బొమ్మకు మిగిలేది 1440×810. అంటే తెరలో 56 శాతమే.

ఇందులో సంతోషించాల్సిన సంగతి ఒకటుంది. 1440×810 కూడా సరిగ్గా 16:9 ఆకారమే. కాబట్టి నలుపు కత్తిరించేస్తే బొమ్మలో ఏమీ పోకుండా, ఎవరి ముఖమూ సాగకుండా తెర నిండిపోతుంది. చూడటం వరకే అయితే ప్లేయర్లో జూమ్ చేసుకున్నా చాలు. ఎప్పటికీ అలాగే ఉండాలంటే హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత వీడియో మార్పిడి ప్రోగ్రాంలో ఫైలు తెరిచి, డైమెన్షన్స్ ట్యాబ్‌లో క్రాపింగ్‌ని కస్టమ్‌కి మార్చి, ఎడమా కుడీ 240 పిక్సెళ్ల చొప్పున, పైనా కిందా 136 చొప్పున ఇవ్వండి. నిజానికి 135 రావాలి కానీ ఈ కొలతలు సరి సంఖ్యల్లో ఉంటేనే మంచిది. ఆ ఒక్క గీత పోయినా కంటికి తెలియదు. ఆటోమేటిక్ క్రాపింగ్‌ని మాత్రం నమ్మకండి. అది వీడియోలో అక్కడక్కడా కొన్ని ఫ్రేములు తీసి చూసి నలుపు ఎంతుందో అంచనా వేస్తుంది. రాత్రి పూట తీసిన చీకటి దృశ్యాలు తగిలితే తప్పుగా కొలుస్తుంది. పగటి వెలుతురులో తీసిన ఫ్రేమ్ ఒకటి ప్రివ్యూలో పెట్టి మీరే కొలుచుకోండి. క్వాలిటీ ఆర్‌ఎఫ్ (ఈ అంకె తగ్గేకొద్దీ నాణ్యత పెరుగుతుంది) 18 నుంచి 20 మధ్య పెట్టండి, ఆడియోని పాస్‌త్రూలో, అంటే ఉన్నది ఉన్నట్టు పంపేలా, పెట్టండి. మళ్లీ ఎన్‌కోడ్ చేస్తే నాణ్యత ఎంతో కొంత తగ్గక తప్పదు. అందుకే పాత ఫైలు దయచేసి చెరిపేయకండి.

కత్తిరించాక కూడా పక్కల్లో సన్నటి నల్ల గీతలు కనిపించవచ్చు. పైనా కిందా పట్టీలు లేని ఫైళ్లలో అయితే అడుగున వణుకుతున్న గీతలు కూడా ఉండవచ్చు. అవి టేపు సహజ లక్షణం. 720 పిక్సెళ్ల వెడల్పుతో పట్టే అనలాగ్ ఫ్రేమ్‌లో బొమ్మ సుమారు 704 వరకే ఉంటుంది. అడుగున వణికేది వీసీఆర్‌లో టేపును చదివే హెడ్ ఒకదాని నుంచి ఇంకోదానికి మారే చోట బొమ్మలో వచ్చే గోల. పాత పిక్చర్ ట్యూబ్ టీవీలు అంచులను కొంత తెర చట్రం వెనక దాచేసేవి కాబట్టి ఇవి అప్పట్లో ఎవరికీ కనిపించలేదు. ఆ గీతలు పోయేంతవరకూ, సరి సంఖ్యల్లోనే, ఇంకొంచెం లోపలికి జరిపి కత్తిరించేయండి.

మీ ఫైల్లో పైనా కిందా నలుపు లేకుండా ఇరుపక్కల మాత్రమే ఉంటే నా సలహా పూర్తిగా వేరు. అలాగే వదిలేయండి. అది నిజమైన 4:3 చిత్రం. వెడల్పు నింపడానికి జూమ్ చేస్తే ఎత్తులో నాలుగో వంతు తెగిపోతుంది. ఇంటి వీడియోల్లో ఆ నాలుగో వంతులో ఉండేవి నిలబడ్డవాళ్ల తలలు, కింద కూర్చున్న పిల్లలు. సాగదీస్తే ప్రతి మనిషీ మూడో వంతు అదనంగా వెడల్పవుతాడు. ఇప్పుడు మన మధ్య లేనివాళ్లు కూడా ఆ టేపుల్లో ఉంటారు. వాళ్లను వాళ్ల రూపంలోనే చూడాలి. ఆ పక్క పట్టీలు అందుకు అడ్డు కావు, కాసేపట్లో కన్ను వాటిని మరిచిపోతుంది.

వీఎల్‌సీలో కీబోర్డు మీది A మీట, C మీట అని రెండున్నాయి, వాటిని కలగలపకండి. A నొక్కితే ఆకారం మారుతుంది, బొమ్మ సాగేది దాంతోనే. C నొక్కితే క్రాప్ (కత్తిరింపు) మారుతుంది, ముఖాలు చెక్కుచెదరవు. టీవీ రిమోట్‌లోనూ వైడ్, స్ట్రెచ్ లాంటివి సాగదీస్తాయి. జూమ్ అన్నది సాధారణంగా వెడల్పునీ ఎత్తునీ సమానంగా పెంచుతుంది.

ఇంకా టేపులు మిగిలి ఉంటే ఈసారి ముందుగానే అడగండి: 16:9 లోకి సర్దకుండా, టేపు మీద ఉన్నది ఉన్నట్టు 4:3 ఫైలుగా ఇమ్మని. కత్తిరించే పని ఇంట్లోనే అవుతుంది, ఎక్కడ కత్తిరించాలో నిర్ణయం మీ చేతిలోనే ఉంటుంది.