అమెరికాలో ఇల్లు కొన్న విశాఖ పిల్లలకు: వరద బీమా వేరుగా తీసుకోండి

విశాఖలో పెరిగినవారికి తుపాను కొత్త కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు విమానాశ్రయమే దెబ్బతింది. అయినా ఇక్కడి నుంచి హ్యూస్టన్‌కో, న్యూజెర్సీకో వెళ్లి ఇల్లు కొన్న పిల్లల్లో చాలామంది ఇంటికి బీమా ఉంది కదా అని ధీమాగా ఉంటున్నారు. సెలవులకు వచ్చిన నాతో ఎంవీపీ కాలనీలో ఒక పెద్దాయన, కూతురి కొత్త ఇంటి గురించి అదే మాట అన్నారు. అమెరికాలో ఆ ధీమా పనికిరాదు.

అక్కడి మామూలు ఇంటి బీమా వరదకు వర్తించదు. ఇంట్లో పైపు పగిలితే సాధారణంగా పరిహారం ఇస్తారు. బయట నేల మీద పారే నీరు గుమ్మం దాటి లోపలికి వస్తే ఇవ్వరు. అందుకోసమే 1968లో మొదలైన జాతీయ వరద బీమా పథకం ఉంది. దాన్ని అమెరికా ప్రభుత్వ విపత్తు నిర్వహణ సంస్థ ఫెమా నడుపుతుంది. ఇంటి కట్టడానికి గరిష్ఠంగా 2,50,000 డాలర్లు, సామానుకు 1,00,000 డాలర్లు. ఈ రెండూ విడివిడిగా తీసుకోవాలి. ఇంకా అద్దె ఇంట్లోనే ఉన్నవారు కూడా తమ సామానుకు తీసుకోవచ్చు, తీసుకోండి.

డబ్బు కట్టిన రోజు నుంచే రక్షణ మొదలవుతుందనుకోవద్దు. ఇంటి రుణంతో పాటు తీసుకున్నప్పుడు తప్ప, సాధారణంగా 30 రోజులు ఆగాలి. తుపాను హెచ్చరిక విన్నాక ఏజెంటుకు ఫోను చేసి లాభం లేదు. మా ఇల్లు వరద పటంలో ప్రమాద ప్రాంతంలో లేదు, రుణమిచ్చిన బ్యాంకు వరద బీమా అడగలేదు కాబట్టి అవసరం లేదన్న వాదన కూడా నిలవదు. 2017లో హార్వీ తుపానుకు హ్యూస్టన్ ప్రాంతంలో మునిగిన ఇళ్లలో ఎక్కువ భాగం పటంలో ప్రమాద ప్రాంతం అని గుర్తించిన చోట్ల లేవు.

ప్రభుత్వం ఆదుకుంటుందిలే అనుకునేవారు ఈ మాట శ్రద్ధగా చదవండి. ఫెమా నగదు సాయం పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికి, మరికొన్ని వర్గాలకే. హెచ్-1బీ వీసా మీద ఉన్నవారికి అది రాదు. అయితే అమెరికాలో పుట్టిన బిడ్డ మీతోనే ఉంటే, ఆ బిడ్డ తరఫున మీరు దరఖాస్తు చేయవచ్చు. ఈ వెసులుబాటు తెలియక మనవాళ్లు ఊరుకుంటున్నారు, అదే నాకు బాధ. వచ్చే సాయం కూడా ఇంటిని తిరిగి నిలబెట్టేంత ఉండదు. ముందు ఫెమా నుంచి తిరస్కరణ ఉత్తరం వస్తే నిరాశపడకండి. చాలాసార్లు బీమా కంపెనీ ఎంత ఇచ్చిందో, లేదా ఇవ్వనందో తెలిపే పత్రం జతచేయకపోవడమే కారణం. 60 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. అమెరికా ప్రభుత్వానికే చెందిన చిన్న వ్యాపారాల సంస్థ (ఎస్‌బీఏ) ఇంటి యజమానులకూ విపత్తు రుణాలు ఇస్తుంది. అది అప్పు, తీర్చాలి.

నీరు దిగాక తొందరపడి అన్నీ వీధిలో పారేయకండి. గోడ మీద నీటి గీత కనిపించేలా ప్రతి గదికీ ఫొటోలు తీయండి. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్‌ల మీద ఉండే సీరియల్ నంబరు చదవగలిగేలా దగ్గరగా తీయండి. తడిసిన తివాచీలో ఒక ముక్క కత్తిరించి దాచి, ఆ తర్వాత మిగతాది తీసేయండి. తడి గోడలు అలాగే వదిలేస్తే బూజు పడుతుంది, ఆ నష్టం మీ నిర్లక్ష్యమని బీమావాళ్లు అనగలరు. సంతకం చేసిన నష్ట వివరాల పత్రం సాధారణంగా నష్టం జరిగిన 60 రోజుల్లోగా బీమా కంపెనీకి అందాలి. మొత్తం డబ్బు ముందే అడిగే మరమ్మతుల మేస్త్రీని నమ్మకండి.

కారుకు మాత్రం సమగ్ర బీమా ఉంటే అందులోనే వరద కలిసి ఉంటుంది.

ఇక విశాఖలో అమ్మానాన్నల ఇల్లు. మన దేశంలో పద్ధతి వేరు. 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న భారత్ గృహ రక్ష పాలసీలో వరద, తుపాను రెండూ ఉన్నాయి. కట్టడానికి బీమా చేస్తే, ఆ మొత్తంలో 20 శాతం మేరకు, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల వరకు, ఇంటి సామానుకు కూడా రక్షణ దానంతటదే వస్తుంది. కానీ చాలా ఇళ్లలో బ్యాంకు రుణం ఉన్నంత కాలమే పాలసీ ఉంటుంది, అప్పు తీరాక దాని ఊసే ఎత్తరు. ఈ ఆదివారం ఫోను చేసినప్పుడు ఆ కాగితం బీరువాలోంచి తీయించి, గడువు తేదీ చదివి చెప్పమనండి.