పీహెచ్‌పీ 7.4 కోడ్ 8.2లోనూ నడవాలంటే డెప్రికేటెడ్ మెసేజ్‌లు ఆపేయొచ్చా?

7.4 కోడ్‌ని 8.2 సర్వర్‌లో పెట్టగానే డెప్రికేటెడ్ మెసేజ్‌లు (ఈ పద్ధతి పాతబడింది, ముందు ముందు తీసేస్తారు అనే హెచ్చరికలు) కుప్పలుగా వస్తున్నాయనీ, కొందరు క్లయింట్లు ఇంకా 7.4 మీదే ఉన్నారనీ, ఎర్రర్ రిపోర్టింగ్ ఆపేస్తే సరిపోతుందా అనీ అడిగారు. ఆపకండి. లైవ్‌లో స్క్రీన్ మీద కనబడకుండా లాగ్‌లోకి మళ్లించండి, అంతే. అవి వస్తున్నా కోడ్ నడుస్తుంది, పైగా ఏ ఫైల్లో ఏ లైనో అవే చెబుతాయి.

అసలు భయపడాల్సింది చప్పుడు లేకుండా మారిన వాటికి. నేను చూసే ఒక పాత బిల్లింగ్ అప్లికేషన్‌లో క్వాంటిటీ == 0 అయితే బిల్లు ఆపే చెక్ ఉంది. బాక్స్ నింపకుండా వదిలేస్తే ఫారం నుంచి వచ్చేది ఖాళీ స్ట్రింగ్. 7.4 లెక్కలో అదీ సున్నాకి సమానమే కాబట్టి బిల్లు అక్కడే ఆగేది. 2020 నవంబర్‌లో వచ్చిన 8.0 నుంచి రెండూ సమానం కావు. టెస్టింగ్‌లో ఖాళీ బాక్స్‌తో సబ్మిట్ చేస్తే ఆ చెక్ దాటేసి పోయింది. వార్నింగ్ లేదు, లాగ్‌లో ఒక్క ముక్క లేదు. పోల్చే ముందు ఇంటీజర్‌గా కాస్ట్ చేసి (మార్చి), విలువతో పాటు రకాన్నీ పోల్చే === పెట్టాం, ఇప్పుడు రెండు వెర్షన్లలోనూ ఒకే జవాబు. స్విచ్ కూడా == లాగే పోలుస్తుంది. ఇన్_అరే కూడా అంతే, మూడో ఆర్గ్యుమెంట్ ట్రూ ఇస్తే తప్ప. మీ కోడ్‌లో ముందు ఇవి వెతకండి. కోడ్‌ని నడపకుండానే తప్పులు వెతికే పీహెచ్‌పీస్టాన్ టూల్‌కి స్ట్రిక్ట్ రూల్స్ పెట్టుకుంటే == ఉన్న చోట్లన్నీ చూపిస్తుంది.

మిగతావి తేలికే. ట్రిమ్ లాంటి ఫంక్షన్లకి నల్ వెళ్తుంటే ?? తో ఖాళీ స్ట్రింగ్ ఇవ్వండి, అది 7.0 నుంచే ఉంది. క్లాస్‌లో డిక్లేర్ చేయని ప్రాపర్టీల గురించి 8.2 అరిస్తే డిక్లేర్ చేసేయండి. అన్నీ ముందే తెలియని పాత క్లాస్ అయితే పైన #[అలౌ డైనమిక్ ప్రాపర్టీస్] అట్రిబ్యూట్ పెట్టండి (అసలు కోడ్‌లో ఇంగ్లిష్‌లో, ఖాళీలు లేకుండా). # తో మొదలయ్యే లైను 7.4కి వట్టి కామెంటే, అందుకే అదే ఫైల్ రెండు చోట్లా నడుస్తుంది. ఇది మాత్రం విడి లైనులోనే ఉండాలి. క్లాస్ అన్న మాట అదే లైనులో ఉంటే 7.4 దాన్నీ కామెంట్‌లో కలిపేసుకుంటుంది.

కోడ్‌ని తనంతట తానే కొత్త వెర్షన్‌కి మార్చే రెక్టర్ టూల్ వాడాలనుకుంటే దాని 8.2 రూల్స్ సెట్ మొత్తం ఒకేసారి నడపకండి. కొత్త సింటాక్స్‌లోకి మార్చేస్తే 7.4 క్లయింట్ల దగ్గర ఫైల్ పార్స్ కూడా కాదు.